ఊపిరి పీల్చి వదిలితే పోయే బాధ కాదిది

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో మా ఉపాధ్యాయులకు ఆన్‌లైన్ శిక్షణ అన్నారు. మూడు గంటలు. ఫోను గోడకు ఆనించి కూర్చున్నాం. పిల్లలకు 'సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలు' ఎలా నేర్పాలో చెబుతామన్నారు. అవతల పట్నంలో కూర్చున్నాయన చాలా మెత్తగా మాట్లాడాడు. పిల్లవాడికి కోపం వస్తే కళ్లు మూసుకోమనండి, ఊపిరి బాగా పీల్చమనండి, ఐదు లెక్కపెట్టి వదలమనండి, కోపం దానంతటదే తగ్గిపోతుంది అన్నాడు. మాలో ఒకరు చాట్‌లో ఒక ప్రశ్న పెట్టారు. మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పిల్లాడు మా వాడ పిల్లాణ్ణి చూసి కంచం పక్కకు జరుపుకున్నాడు, ఇద్దరిలో ఎవర్ని ఊపిరి పీల్చమనాలండీ అని. చాలాసేపు జవాబు లేదు. చివర్లో ఒక్క ముక్క వచ్చింది: ఇలాంటి సున్నితమైన విషయాలు ఈ సెషన్ పరిధిలోకి రావు.

అదీ సంగతి. మనసు గురించి పాఠమట, మనసు విరిగే చోటు మాత్రం పరిధిలోకి రాదట!

ఈ మాట రాస్తున్నది ఆ పాఠాలు వద్దని చెప్పడానికి కాదు. కావాలి. మన పిల్లలకే ఎక్కువ కావాలి. మా తాతముత్తాతల్లో బడి మెట్లెక్కినవాళ్లు లేరు. మా ఇళ్లల్లో డిగ్రీ కాగితం మాతోనే మొదలు. తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని, లోపల కుతకుత ఉడికిపోతూ, దానికి పేరేంటో తెలియక పళ్లు కొరుక్కుంటూ చదివాం. అప్పుడు ఒక్క పంతులు దగ్గరకొచ్చి "ఏరా, ఏమైంది?" అని అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కాబట్టి మా గొడవ పాఠంతో కాదు. ఎవరి చేత, ఎవరికోసం, ఏం దాచిపెట్టి చెబుతున్నారన్నదే మా గొడవ.

ముందు ఈ సరుకు ఎక్కడిదో తెలుసుకుందాం. 1994లో అమెరికాలో కాసెల్ అనే సంస్థ పుట్టింది. తన మనసు తాను తెలుసుకోవడం, దాన్ని అదుపులో పెట్టుకోవడం, ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడం, నలుగురితో మెలగడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, ఈ ఐదూ బళ్లో నేర్పాలని చెప్పింది. మరుసటేడు డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక ఈ మాట ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా 'హ్యాపీనెస్' పాఠాలు పెట్టారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా సామాజిక, నైతిక, భావోద్వేగ సామర్థ్యాలని రాసుకుంది. అదే ఏడాది కరోనా వచ్చి బడులు మూతబడ్డాయి, పాఠం ఫోన్లోకి ఎక్కింది. అప్పట్నుంచీ మనసు పాఠం కూడా వీడియోగా, లింకుగా వస్తోంది.

అమెరికాలోనే ఈ పాఠం మీద నల్లజాతి విద్యావేత్తలు నిలదీశారు. డీనా సిమన్స్ అనే ఆమె, జాతి వివక్ష ఊసెత్తకుండా నల్లపిల్లలకు అణకువ నేర్పడమే ఈ పాఠాల పని అయిపోతోందని గట్టిగా చెప్పింది. కాసెల్ వాళ్లు కూడా 2020లో తమ నిర్వచనం మార్చుకుని సమానత్వం అనే మాట చేర్చుకోవాల్సి వచ్చింది. అక్కడ మారిన ఆ ముక్క మన దాకా రాలేదు. ఊపిరి పీల్చడం మాత్రం వచ్చింది.

మన సంగతికొద్దాం. ఫోన్లో పాఠం అనగానే ముందు అడగాల్సింది, ఫోను ఎవరిది? 2021 ఆగస్టులో జీన్ డ్రెజ్, రీతికా ఖేరా తదితరులు పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్లల్లోని దాదాపు 1400 మంది పిల్లల్ని విచారించారు. పల్లెల్లో ఆన్‌లైన్‌లో రోజూ చదువుతున్నవాళ్లు నూటికి 8 మంది. అసలు చదువే లేనివాళ్లు 37 మంది. పల్లెల్లోనే ఎస్సీ, ఎస్టీ పిల్లల్ని విడిగా లెక్కేస్తే ఆన్‌లైన్‌లో రోజూ చదివేది నలుగురే. మిగతా కులాల పిల్లల్లో 15 మంది. జార్ఖండ్ లాతేహార్ జిల్లాలో ఒక ఊళ్లో, ఈ పిల్లలు చదువుకుంటే మా పొలాల్లో పనెవరు చేస్తారని పెద్దకులపోళ్లు మొహమాటం లేకుండా అన్నారని కూడా ఆ నివేదికలో ఉంది. 1901లో అన్నారంటే సరే అనుకోవచ్చు. 2021లో అన్నారు.

కేరళలో, అందరూ చదువుల రాష్ట్రమని చెప్పుకునే చోట, 2020 జూన్ 1న ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజే మలప్పురం జిల్లాలో ఒక దళిత కూలీ బిడ్డ ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ చెడిపోయి ఉంది, మంచి ఫోను లేదు. తనొక్కతే వెనకబడిపోతానన్న బెంగ. ఆ బెంగ గురించి ఆమెతో మాట్లాడాల్సినవాళ్లు ఆ ఫోనుకు అవతల ఉన్నారు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా ఇంకొకళ్లను అనే హక్కు మాకు లేదు.

2020 శీతాకాలంలో మేం నలుగురం ఉపాధ్యాయులం మా సొంత పూనికతో ఫోన్లో పాఠాలు పెట్టాం. ఏడో తరగతి పిల్ల ఒకతి, మాదిగపల్లె అమ్మాయి, వాళ్ల నాన్న ఫోన్లో చేరింది. పిల్లలందరూ మొహాలు చూపించాలని మేమే చెప్పాం, మొహం చూస్తేనే మనసు తెలుస్తుందని మా ఆలోచన. ఆ పిల్ల వెనక గోడకు డప్పు వేలాడుతోంది. అది అందరికీ కనబడింది. ఆ సాయంత్రం గ్రూపులో ఆ పిల్లను కులం పేరు పెట్టి పిలుస్తూ ఒకడు ఒక ముక్క రాశాడు. వెనకాలే ముగ్గురు నవ్వే బొమ్మలు పెట్టారు. మర్నాడు పిల్ల మొహం చూపించలేదు. ఆ మర్నాడు పాఠానికే రాలేదు.

మేం ఫోన్ చేశాం. ఏం చెప్పాం? "పట్టించుకోవద్దమ్మా, చదువు మీద దృష్టి పెట్టు" అన్నాం. మా చిన్నప్పుడు మాకు చెప్పిన మాటే. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "మరి వాళ్లకేం చెప్పారు సారూ?"

వాళ్లకు మేమేమీ చెప్పలేదు. ఆ రాత ఒకటి తుడిచేశాం, అంతే.

ఆ పిల్ల మిరపకోతలకు పోయింది. కోతలు అయిపోయేదాకా రాలేదు. వాళ్లమ్మ దగ్గరికి మూడుసార్లు తిరిగి, గ్రూపులో రాసినవాడి ఇంటికీ నవ్విన ముగ్గురి ఇళ్లకూ పోయి, ఆ నలుగురి చేతా తప్పు ఒప్పించాకే మళ్లీ బడికొచ్చింది. ఇక్కడ ఇంకో నిజం దాచకూడదు. నవ్విన ముగ్గురిలో ఇద్దరు మాలపల్లె పిల్లలు. వర్గీకరణ మీద మా మధ్యనే వాదాలున్నాయి, ఆ వాదం వేరే చోట చేసుకుందాం. కానీ డప్పును చూసి మన పిల్లలే నవ్వారంటే, ఊళ్లోవాళ్ల పురుగు మన ఇళ్లల్లోకి ఎంతగా దూరిందో ఒప్పుకోక తప్పదు. రెల్లి పిల్లల్ని మాలా మాదిగా కలిసి ఎగతాళి చేయడం కూడా మేం చూశాం. బాబాసాహెబ్ చెప్పిన మెట్లమెట్ల అసమానత ఇదే. పైవాడి మీద కోపం, కిందివాడి మీద చులకన, రెండూ ఒకే గుండెలో ఉంటాయి.

అప్పట్నుంచీ మా ఆదివారం పాఠం మారింది. ఐదేళ్లుగా తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ నడుపుతున్నాం. నేర్చుకున్నది నాలుగు ముక్కలు చెబుతాం, మీ ఊళ్లో పనికొస్తే వాడుకోండి.

చిన్నపిల్లలకు, అంటే ఐదో తరగతి లోపు వాళ్లకు, ఫోను ఒక్కటే అయితే దండగ. తెరలో బొమ్మ నవ్వుతుంది, బొమ్మ ఏడుస్తుంది, పిల్లలు చూస్తారు, అయిపోతుంది. వాడలో ఇంటర్ చదివే ఒక అక్కో అన్నో పక్కన ఉండాలి. ఫోను మధ్యలో పెట్టి, చుట్టూ ఆరేడుగురు కూర్చోవాలి. అవతల మేం ఒక కథ చెబుతాం, ఇక్కడ అక్క వాళ్లను మాట్లాడిస్తుంది. ఇంటికో ఫోను లేదు కాబట్టి ఇలా మొదలుపెట్టాం. కానీ ఇదే మంచిదని తర్వాత తెలిసింది. ఒక్కడే తెర ముందు కూర్చున్న పిల్లాడు నలుగురితో మెలగడం ఎట్లా నేర్చుకుంటాడు?

వాళ్లకు మేం నేర్పేది ముందు మాటలు. పుస్తకాల్లో సంతోషం, విచారం, కోపం, భయం అని నాలుగుంటాయి. మన ఇళ్లల్లో ఎన్ని మాటలున్నాయి! బెంగ, దిగులు, గుబులు, ఉక్రోషం, రోషం, చిన్నబోవడం, మనసు చివుక్కుమనడం. అమ్మమ్మల నోట్లోని ఈ మాటలన్నీ పిల్లల చేత ఏరిస్తాం. ఒక వారం "చిన్నబోయిన రోజు" అంటే ఏంటో ఇంట్లో అడిగి రమ్మన్నాం. మూడో తరగతి పిల్లాడొకడు వాళ్ల నాయనమ్మ మాట పట్టుకొచ్చాడు. పెళ్లిలో ఎంగిలాకులు తీసేదాకా అన్నం పెట్టలేదట, ఆ రోజు ఆమె చిన్నబోయిందట. వాడు ఆ మాట చెబుతుంటే పక్కనున్న పిల్లలు అల్లరి మానేశారు.

ఆరు నుంచి పది చదివేవాళ్ల దగ్గర అసలు పాఠం ఒకటుంది. సిగ్గు వేరు, అవమానం వేరు. నువ్వు తప్పు చేస్తే నీకు సిగ్గు. ఎవడో నిన్ను తక్కువ చేస్తే అది అవమానం, ఆ తప్పు వాడిది, సిగ్గుపడాల్సింది వాడు. మన పిల్లలు ఈ రెంటినీ కలిపేసుకుంటారు. కంచం జరిపినవాడు దర్జాగా ఉంటాడు, జరిపించుకున్నవాడు తల దించుకుంటాడు. ఈ ముడి విప్పడానికి మేం రెండు సంగతులు చెబుతాం. ఒకటి, బాబాసాహెబ్ చిన్నప్పుడు గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకుని దాని మీద కూర్చుని చదివిన సంగతి, నీళ్లు పోసే ప్యూను రాని రోజు దాహంతో ఉండిపోయిన సంగతి. ఆయన దాన్ని దాచుకోలేదు, పెద్దయ్యాక రాసిపెట్టాడు. రెండోది, ఫూలే దంపతుల బళ్లో చదివిన ముక్తా సాల్వే సంగతి. మాంగు కులం పిల్ల. 1855లో, పద్నాలుగేళ్ల వయసులో, మాంగుల, మహర్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది, 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. తమ ఆడవాళ్ల పురుడుకు నెత్తిన కప్పు కూడా లేదని రాసింది. ఆ పిల్లను ఊపిరి పీల్చి వదలమని సావిత్రీబాయి చెప్పలేదు, పలకా బలపం చేతిలో పెట్టింది.

కోపం ఆపుకోవడం నేర్పొద్దంటున్నామా? కాదు. ఆపుకోవడం అవసరమే. ఎదుటివాడు పదిమందితో ఉన్నప్పుడు మన పిల్లాడు ఒక్కడే చెయ్యెత్తితే కాలో చెయ్యో విరిగేది మనవాడిదే. ఆ క్షణాన ఊపిరి పీల్చమనే మేమూ చెబుతాం. కానీ పాఠం అక్కడ ఆగకూడదు. ఊపిరి పీల్చాక ఎవరికి చెప్పాలి, ఏం రాసుకోవాలి, ఏ తేదీ, ఎవరు చూశారు, ఏ మాట అన్నారు, అదంతా నేర్పాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2015లో సవరించారు. ఇంటర్నెట్లో పెట్టిన దూషణ కూడా ఆ చట్టం కిందికి వస్తుందని 2022లో కేరళ హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఫోన్లో చదివే పిల్లలకు ఈ ముక్క తెలిసి ఉండాలి. పన్నెండేళ్ల పిల్లల్ని స్టేషన్ చుట్టూ తిప్పమని మేం అనడం లేదు, అది ఎవరికీ మంచిది కాదు. తన బాధ తన ఊహ కాదని, దేశం చట్టం రాసేంత నిజమని పిల్లకు తెలిస్తే ఆ పిల్ల నడకే వేరుగా ఉంటుంది.

అవతలి కులాల పిల్లల సంగతి? వాళ్లకే ఈ పాఠం ముందు చెప్పాలి. ఎదుటివాళ్ల మనసు తెలుసుకోవడం అనే నైపుణ్యం అందరికన్నా తక్కువున్నది వాళ్లకే, ఎందుకంటే అది లేకపోయినా వాళ్లకు రోజు గడుస్తుంది. ఆ పని మా ఆదివారం పాఠంతో అయ్యేది కాదు, బళ్లో జరగాలి. జరగనివ్వరు. ఒకసారి మాలో ఒకరు తరగతిలో కులం మాట ఎత్తినందుకు, పిల్లల మధ్య తగువులు పెడుతున్నాడని తల్లిదండ్రులు వచ్చి గొడవ చేశారు. తగువు ముందే ఉందండీ, మేం పేరు మాత్రమే చెప్పామన్నా వినలేదు.

తెర గురించి కొన్ని పనిమాటలు. మొహం చూపించమని బలవంతం చేయొద్దు. మేం చేసి దెబ్బతిన్నాం. తెర మీద ఇంటిపేరు కనబడకుండా పిల్లల పిలుపుపేరు మాత్రమే పెట్టండి, ఇంటిపేరుతో కులం పసిగట్టే జబ్బు పిల్లలకూ ఉంది. "నీకు జరిగిన అవమానం అందరికీ చెప్పు" అని గ్రూపులో అడగొద్దు. అదీ మేం చేసిన తప్పే. పిల్ల ఏడుస్తూ చెబుతుంటే అవతల ఎవరో రికార్డు చేశారు. చెప్పాలనుకున్నవాళ్లు గొంతు రికార్డు చేసి టీచరుకు విడిగా పంపితే చాలు. తరగతిలో నోరు తెరవని పిల్లలు రాత్రి తొమ్మిదింటికి దుప్పటి కప్పుకుని గుసగుసగా పంపిన మాటలు మా ఫోన్లలో ఎన్ని ఉన్నాయో. ఎదురుగా అయితే అవి బయటికొచ్చేవి కావు. ఫోనుకు ఆ గుణం ఉంది, కాదనం. ఇంకో గుణం కూడా ఉంది. వెనక బల్ల, ముందు బల్ల అనేది తెర మీద లేదు. పక్క జిల్లాలోని దళిత టీచరమ్మను మా పిల్లలు అక్కడే మొదటిసారి చూశారు. "మనోళ్లేనా సారూ?" అని అడిగారు.

ఆడపిల్లలకు ఫోను దొరకడం మరీ కష్టం. అన్న చూశాక, నాన్న చూశాక, అంట్లు తోమాక మిగిలితే దొరుకుతుంది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబులు ఇచ్చినప్పుడు మేం సంతోషించాం, పిల్ల పేరు మీద ఒక వస్తువు ఇంటికి రావడం చిన్న సంగతి కాదు. అయితే మా వాడలో రెండిళ్లల్లో ఆ ట్యాబు అన్న చేతికే పోయింది. అందుకే మేం పిల్లలతో పాటు తల్లిదండ్రులకూ పాఠం పెట్టాల్సి వచ్చింది.

పెద్దవాళ్ల పాఠం రాత్రి ఎనిమిదిన్నరకు, కూలి నుంచొచ్చి అన్నాలు తిన్నాక. గొంతు మాత్రమే, వీడియో లేదు. మొదటి నెలలో తల్లులే వచ్చారు. మగవాళ్లు "మాకేం నేర్పుతారయ్యా మనసు గురించి" అని నవ్వారు. ఒక తల్లి అన్నమాట ఇక్కడ రాయకుండా ఉండలేం. "పొద్దున రెడ్డి తిడతాడు, ఈయన అక్కడ నోరెత్తడు. రాత్రికి ఆ తిట్లన్నీ ఇంటికి తెచ్చి నాకు పంచుతాడు" అంది. కోపం ఎక్కడ పుట్టింది, ఎక్కడ దిగింది, ఈ లెక్క ఇంతకన్నా బాగా ఏ శిక్షణలోనూ మేం వినలేదు. ఆ తర్వాతి వారం ఆ మాట పేరు చెప్పకుండా మగవాళ్ల దగ్గర పెట్టాం. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు లేచిపోయారు. ఉద్యమంలో మైకు ముందు సింహంలా గర్జించే మన కార్యకర్తలు కూడా ఇంటికెళ్లి ఈ లెక్క వేసుకోవాలి. ఇది రాస్తున్న మేం కూడా.

కాలేజీ పిల్లల దగ్గర మాత్రం మేం ఓడిపోతున్నాం, దాచేదేం లేదు. ఊరొదిలి హాస్టల్లో ఉంటారు, ఆదివారం పరీక్షలంటారు, ఫోన్ ఎత్తరు. మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల 2016 జనవరి 17న వెళ్లిపోయాడు. హాస్టల్ నుంచి గెంటేస్తే యూనివర్సిటీలోనే వెలివాడ గుడారం వేసుకుని పోరాడినవాడు. అలాంటి ధైర్యవంతుడే ఒంటరి అయిపోయాడంటే మామూలు పిల్లల సంగతేంటి? ఈ వయసువాళ్లకు పాఠం పనిచేయదు, తోడు పనిచేస్తుంది. మొదటి తరం పిల్లలు ఏ కాలేజీలో చేరినా, అదే కాలేజీలో అంతకుముందు చదివిన మనవాడి నంబరు వాళ్ల చేతిలో ఉండాలి. వారానికొక్కసారి "తిన్నావా, ఎట్లున్నావు?" అని ఫోన్ రావాలి. మార్కుల మాట ఎత్తకుండా. మనసు మరీ కుంగినప్పుడు ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు 14416 ఉంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు వాడలో గోడ మీద రాయించండి. దాంతో సరిపోతుందని కాదు, అర్ధరాత్రి మనం ఫోన్ ఎత్తనప్పుడు ఎత్తేవాళ్లు ఒకరుండాలి.

డప్పు గోడకున్న ఆ పిల్ల పోయినేడాది ఇంటర్ పాసయింది. ఇప్పుడు చిన్నపిల్లల పాఠానికి వాడలో పక్కన కూర్చునే అక్క తనే. మొదటి రోజే ఫోను ఎక్కడ పెట్టిందో చూశాం. డప్పు కింద పెట్టింది, తెరలో పూర్తిగా కనబడేలా. ఒక పిల్లాడు "అదేందక్కా?" అంటే, దింపి వాడి చేతికిచ్చి వాయించమంది. ఆ రోజు మా పాఠం ఒక్క ముక్క వినబడలేదు.

వచ్చే నెల నుంచి ఇంకో మూడు పల్లెల్లో ఆదివారం పాఠం మొదలుపెడుతున్నాం. పల్లెకు ఒక ఫోను కావాలి, ఆదివారం పదింటి నుంచి పన్నెండు దాకా ఇస్తే చాలు. పక్కన కూర్చునేందుకు ఇంటరో డిగ్రీయో చదివే పిల్లలు ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడపిల్ల అయి ఉండాలి. ఇవ్వగలిగినవాళ్లు మీకు ఈ పత్రిక తెచ్చిచ్చే కార్యకర్తకు చెప్పండి. చార్జర్ కూడా తెచ్చుకోమనండి, పోయినసారి సగం పాఠంలో ఆగిపోయింది.